అట్టడుగు నుంచి అగ్రస్థానానికి: 1916 మెల్‌బోర్న్‌లో ఆట, యుద్ధం

లీగు పట్టికలో అందరికన్నా కింద ఉన్న జట్టే ఆ సంవత్సరపు విజేతగా నిలిచిన సందర్భం ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ చరిత్రలో ఒక్కటే ఉంది. 1916లో ఫిట్జ్‌రాయ్ క్లబ్ 12 మ్యాచ్‌లు ఆడి కేవలం రెండింటిలో గెలిచింది. తొమ్మిది ఓడింది, ఒకటి సమానంగా ముగిసింది. అయినా సెప్టెంబర్ 2న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో కార్ల్టన్‌ను 85-56 తేడాతో ఓడించి విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ విజేతగా జెండా అందుకుంది. ఈ వింతను ఆస్ట్రేలియాలో ఇప్పటికీ క్విజ్ పోటీలలో ప్రశ్నగా అడుగుతుంటారు. సమాధానం చెప్పినవారు నవ్వుతారు, విన్నవారు ఆశ్చర్యపోతారు, అక్కడితో సంగతి ముగుస్తుంది. ఆ సంవత్సరం లీగులో నాలుగే జట్లు ఎందుకు మిగిలాయి, మిగతావి ఏమయ్యాయి, ఆడుతున్నవారిని ఊరు ఏ కంటితో చూసింది అని అడిగితే మాత్రం వినోదం వెనుక ఉన్న విషాదం బయటపడుతుంది.

మెల్‌బోర్న్ నగరానికి ఫుట్‌బాల్ అంటే ఏమిటో ముందుగా తెలియాలి. అది ఇంగ్లండులో ఆడే సాకర్ కాదు, రగ్బీ కాదు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఆ నగరంలోనే పుట్టిన ఆట. కోడిగుడ్డు ఆకారపు విశాలమైన మైదానం, జట్టుకు 18 మంది, రెండు పెద్ద స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నితే ఆరు పాయింట్లు, వాటి పక్కనున్న చిన్న స్తంభాల మధ్య నుంచి వెళితే ఒక పాయింటు. శీతకాలపు శనివారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ కూతతో పని ముగించుకున్న కార్మికుడు నేరుగా మైదానానికి వెళ్ళేవాడు. క్లబ్బు పేరు, పేట పేరు ఒకటే. ఫిట్జ్‌రాయ్, కాలింగ్‌వుడ్, రిచ్‌మండ్, కార్ల్టన్ అన్నవి మొదట వాడల పేర్లు, ఆ తరువాతే జట్ల పేర్లు. చెప్పుల తయారీ, తోళ్ళ పరిశ్రమ, బీరు బట్టీలు, చిన్న చిన్న ఇళ్ళ వరుసలు ఉన్న ప్రాంతాలవి. ఏ జట్టు పక్షం అన్న ప్రశ్నకు జవాబు చాలామందికి పుట్టిన వీధిలోనే దొరికేది.

ఆటగాళ్ళకు డబ్బు చెల్లించడాన్ని లీగ్ 1911లో అధికారికంగా అంగీకరించింది. అంతకు ముందు చాటుమాటుగా సాగిన వ్యవహారం అప్పుడు బాహాటమైంది. దానితో పాటే ఒక చీలిక కూడా పైకి వచ్చింది. ఆటను ఆటగానే ఆడాలి, కూలికి ఆడరాదు అనే పెద్దమనుషుల సంప్రదాయం ఒకవైపు నిలిచింది. శనివారం మధ్యాహ్నం మోకాలు విరగ్గొట్టుకుంటే సోమవారం పనికి వెళ్ళలేనివాడి అవసరం రెండోవైపు నిలిచింది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వారి యూనివర్సిటీ క్లబ్ 1908 నుంచి ఈ లీగులో ఆడింది. అందులో విద్యార్థులు, పట్టభద్రులు ఉండేవారు, డబ్బు తీసుకునేవారు కాదు. పరీక్షలూ ఆటా రెంటినీ మోయలేక ఆ జట్టు వరుసగా 51 మ్యాచ్‌లు ఓడిపోయి, 1914 సీజన్ చివర లీగు నుంచి నిష్క్రమించింది. ఆ నిష్క్రమణ జరిగిన కొద్ది నెలలకే దాని ఆటగాళ్ళలో ఎందరో సైనిక దుస్తులు ధరించి ఓడలెక్కారు.

1915 ఏప్రిల్ 25న ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దళాలు గల్లిపోలి తీరంలో దిగాయి. ఆ మొదటి రోజే మరణించినవారిలో యూనివర్సిటీ ఆటగాడు రూపర్ట్ బాల్ఫ్, మెల్‌బోర్న్ క్లబ్ ఆటగాడు జో పియర్స్, గీలాంగ్, కాలింగ్‌వుడ్‌ల తరఫున ఆడిన అలన్ కార్డ్‌నర్ ఉన్నారు. మృతుల జాబితాలు పత్రికలలో రావడం మొదలయ్యేసరికి మెల్‌బోర్న్‌లో ఫుట్‌బాల్ సీజన్ నడుస్తోంది. ఒకే పత్రికలో ఒక పుటలో చనిపోయినవారి పేర్లు, మరో పుటలో గోల్స్ చేసినవారి పేర్లు అచ్చయ్యేవి. కొన్నిసార్లు రెండు పుటల్లోనూ కనిపించినది ఒకే పేరు.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట మరొకడు. ఆటను ఆపాలన్నవారి వాదన సారాంశం ఈ సామెతే. ఉన్నత తరగతుల పత్రికలు, చర్చి పెద్దలు, రిక్రూట్‌మెంట్ కమిటీలు ముక్తకంఠంతో అడిగిన ప్రశ్న ఒక్కటే: శనివారం మైదానంలో పరుగెత్తగల 36 మంది దృఢకాయులు, వారిని చూడటానికి వచ్చిన వేలాది యువకులు యుద్ధరంగంలో ఎందుకు లేరు? సైన్యంలో చేరవలసిందిగా పిలిచే గోడపత్రాలలో ఫుట్‌బాల్ ప్రేక్షకుల గుంపును, ఒంటరిగా నిలబడిన సైనికుణ్ణి పక్కపక్కన బొమ్మగా వేశారు. ఇంగ్లండు అప్పటికే దారి చూపింది. 1915 ఏప్రిల్ 24న, అంటే గల్లిపోలి దాడికి సరిగ్గా ఒకరోజు ముందు, మాంచెస్టర్‌లో జరిగిన ఎఫ్.ఎ. కప్ ఫైనల్‌కు సైనిక దుస్తులలో వచ్చిన ప్రేక్షకులు ఎందరంటే, దానికి ఖాకీ కప్ ఫైనల్ అన్న పేరే స్థిరపడింది. ఆ సీజన్ తరువాత అక్కడ లీగ్ పోటీలను యుద్ధం ముగిసేదాకా నిలిపివేశారు.

ఆస్ట్రేలియా స్థితికి ఒక ప్రత్యేకత ఉంది. సముద్రాంతర యుద్ధానికి వెళ్ళే ఆ దేశపు సైన్యం పూర్తిగా స్వచ్ఛందం. 50 లక్షలకు లోబడిన జనాభా నుంచి యుద్ధకాలంలో దాదాపు 4,16,000 మంది చేరారు. వారిలో 60,000 మంది తిరిగి రాలేదు. ఎవరినీ చట్టప్రకారం బలవంతం చేయలేని చోట బలవంతం వేరే రూపాలలో వస్తుంది. ఎద్దేవా, నింద, బహిష్కారం, గుమ్మంలోకి వచ్చే తెల్ల ఈక వంటి చిహ్నాలు చట్టం చేయలేని పనిని చేయబూనుతాయి. ఫుట్‌బాల్ మైదానం ఆ నిందకు అందరికన్నా సులభంగా కనిపించే గురి. గుర్రపు పందేలు సాగుతూనే ఉన్నాయి, నాటకశాలలు నిండుతూనే ఉన్నాయి. అయినా వేలెత్తి చూపడానికి కార్మికుడి శనివారమే మిక్కిలి అనువుగా కనబడింది.

క్లబ్బులు యుద్ధాన్ని పట్టించుకోలేదనడం సరికాదు. సెయింట్ కిల్డా జట్టు రంగులు ఎరుపు, తెలుపు, నలుపు. అవే జర్మన్ సామ్రాజ్య పతాకపు రంగులు. 1915లో ఆ క్లబ్ తెలుపును తీసేసి పసుపు చేర్చింది. దానితో అవి జర్మనీ ఆక్రమించిన బెల్జియం పతాకపు రంగులయ్యాయి. బట్టల రంగు మార్చడం హాస్యాస్పదంగా తోచవచ్చు గాని, జనం మనసులో యుద్ధం ఎంత లోతుగా దిగిందో చెప్పడానికి ఇంతకు మించిన ఆనవాలు అక్కరలేదు.

1915 సెప్టెంబర్ 18న ఫైనల్ పోరు కార్ల్టన్, కాలింగ్‌వుడ్‌ల మధ్య జరిగింది. 39,343 మంది చూశారు. ఆ ఉదయం కాలింగ్‌వుడ్ ఆటగాళ్ళు ఇద్దరు సైనిక శిక్షణలో భాగంగా పది మైళ్ళు కవాతు చేసి, అక్కడి నుంచి మైదానానికి చేరుకున్నారు. ఒకరు మాల్కం సెడన్. మిత్రులు అతణ్ణి ‘డాక్’ అని పిలిచేవారు, అయితే అతడు వైద్యుడు కాదు. రెండోవాడి అసలు పేరు పెర్సీ రో, ఆట మైదానంలో మాత్రం పాడీ రోవన్ అన్న పేరుతో ప్రసిద్ధుడు. ఇద్దరూ ప్రాణస్నేహితులు. కార్ల్టన్ 78-45తో గెలిచింది. కార్ల్టన్ పక్షాన ఆడిన జార్జ్ చాలిస్ కూడా సైన్యంలో చేరాడు. ఆ ముగ్గురికీ ఆనాడు ప్రత్యర్థి మైదానం అవతలి సగంలో ఉన్నవాడు. ఏడాది తిరిగేలోగా ముగ్గురి ప్రత్యర్థీ ఒకడే అయ్యాడు.

ఆ తరువాత లీగ్ చీలిపోయింది. మెల్‌బోర్న్, ఎసెండన్, సౌత్ మెల్‌బోర్న్, సెయింట్ కిల్డా, గీలాంగ్ 1916లో బరిలోకి దిగలేదు. విక్టోరియాలోని రెండో పెద్ద సంస్థ విక్టోరియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ రెండేళ్ళ పాటు పోటీలే మానుకుంది. దక్షిణ ఆస్ట్రేలియాలోనూ లీగు ఆగిపోయింది. మిగిలినవి నాలుగు: కార్ల్టన్, కాలింగ్‌వుడ్, ఫిట్జ్‌రాయ్, రిచ్‌మండ్. నాలుగూ నగరాన్ని ఆనుకుని ఉన్న పేటలు, నాలుగింటా కార్మిక కుటుంబాలే అధికం. సిడ్నీలోనూ ఇదే గీత మరో రూపంలో కనిపిస్తుంది. అక్కడ విద్యావంతుల ఆటగా పేరున్న రగ్బీ యూనియన్ పోటీలను ఆపేసింది. శ్రామికుల ఆట అయిన రగ్బీ లీగ్ యుద్ధమంతా సాగింది. ఆట ఆగిన చోట, సాగిన చోట గీసిన గీత దేశభక్తికి, దేశద్రోహానికి మధ్య గీత కాదు. అది ఎక్కువగా వర్గాల మధ్య గీత.

కొనసాగిన క్లబ్బుల పక్షాన కూడా ఒక వాదన ఉంది. ఆటగాళ్ళలో కొందరు కుటుంబ పోషకులు, కొందరు సైనిక వైద్యపరీక్షలో తిరస్కృతులు, కొందరు ఇంకా నిండా వయసు రానివారు. టిక్కెట్ల సొమ్ములో మిగులు దేశభక్తి నిధులకు వెళ్ళాలన్నది ఆడటానికి ముందే చేసుకున్న ఏర్పాటు. ఆరు రోజులు గొడ్డుచాకిరీ చేసి, కొడుకునో తమ్ముణ్ణో యుద్ధానికి పంపి, ధరలు పెరిగి జీతం చాలక సతమతమవుతున్న మనిషికి వారంలో రెండు గంటల ఊరటను కూడా లాగేసుకోవడం ఏ దేశభక్తి అని వారి ప్రశ్న. ఈ వాదనలో నిజం ఉంది. అదే సమయంలో, మైదానాలు మూతపడితే క్లబ్బు పునాదే కదులుతుందన్న భయం కూడా దానిలో కలిసి ఉందనడం అన్యాయం కాదు. మనుషుల ఉద్దేశాలు ఒక్క రంగులో ఉండవు. సెయింట్ కిల్డా చొక్కాలా అవీ కాలాన్ని బట్టి రంగు మార్చుకుంటాయి.

నాలుగు జట్లతో సీజన్ మేలో మొదలైంది. ప్రతి జట్టూ మిగతా మూడింటితో నాలుగేసి సార్లు తలపడింది. కార్ల్టన్ 10 గెలిచి తిరుగులేని అగ్రస్థానంలో నిలిచింది. కాలింగ్‌వుడ్ ఆరు, రిచ్‌మండ్ ఐదు, ఫిట్జ్‌రాయ్ రెండు. ఇక్కడే నియమావళి ఒక చిత్రం చేసింది. ఎక్కువ జట్లు ఉన్న రోజుల్లో తయారైన నియమం ప్రకారం పట్టికలో మొదటి నలుగురు అంతిమ పోటీలకు అర్హులు. ఉన్నవే నాలుగు జట్లయినా ఆ నియమాన్ని ఎవరూ మార్చలేదు. అంటే 12 వారాల పోరాటం తరువాత బయటికి పోయినవారు ఒక్కరూ లేరు. మొదటి జట్టుకు మూడోది, రెండోదానికి నాలుగోది ఎదురు నిలిచాయి. ఫిట్జ్‌రాయ్ కాలింగ్‌వుడ్‌ను స్వల్ప తేడాతో దాటింది, కార్ల్టన్ కూడా రిచ్‌మండ్ మీద అతికష్టంగా గట్టెక్కింది. తరువాతి మ్యాచ్‌లో ఫిట్జ్‌రాయ్ కార్ల్టన్‌ను ఓడించింది. పట్టికలో అగ్రస్థానంలో నిలిచిన జట్టుకు ఓడినా మరొకసారి సవాలు చేసే హక్కు ఉండేది. కార్ల్టన్ ఆ హక్కును వాడుకుంది. 1914, 1915లలో గెలిచిన కార్ల్టన్‌కు మూడోది కూడా చిక్కితే, 1906 నుంచి 1908 దాకా తాము సాధించిన వరుస మూడు విజయాల ఘనత పునరావృతమయ్యేది. ఫిట్జ్‌రాయ్ రెండోసారి కూడా ఓడించింది, ఈసారి 29 పాయింట్ల తేడాతో.

ఆ రోజు ప్రేక్షకులు 21,130 మంది. మూడేళ్ళ కిందట ఇదే ఫిట్జ్‌రాయ్ ఇదే మైదానంలో సెయింట్ కిల్డాను ఓడించి విజేత అయినప్పుడు 59 వేలకు పైగా వచ్చారు. ఖాళీగా మిగిలిన ఆ బల్లలు ఆనాటి అసలు స్కోరు చెబుతాయి. రాని వేలలో కొందరు సిగ్గుతో మానుకున్నవారు, కొందరు కోపంతో మానుకున్నవారు, కొందరు దుఃఖంలో ఉన్నవారు, చాలామంది ఫ్రాన్సులో ఉన్నవారు.

ఫ్రాన్సులో అప్పటికి ఏమి జరిగిందో క్లుప్తంగా చెప్పుకోవాలి. ఫుట్‌బాల్ సీజన్ నడిమధ్యలో, జూలై 19న, ఫ్రొమెల్ వద్ద ఆస్ట్రేలియన్ దళం దాడికి దిగింది. ఒక్క రాత్రిలో చనిపోయిన, గాయపడిన, పట్టుబడిన ఆస్ట్రేలియన్ల సంఖ్య 5,533. ఆ వెంటనే సోమ్ ప్రాంతంలో పొజియేర్ పోరాటం మొదలై ఆరు వారాలు సాగింది. అక్కడ మరో 23,000 మంది దాకా హతులు, క్షతగాత్రులు. ఫిట్జ్‌రాయ్ గెలిచిన సెప్టెంబర్ మొదటి వారంలోనే ఆ పోరాటంలో ఆస్ట్రేలియన్ల పాత్ర ముగింపుకు వచ్చింది. ఏడాది కిందట కార్ల్టన్ గెలుపులో పాలుపంచుకున్న జార్జ్ చాలిస్, ఫ్రొమెల్ దాడికి నాలుగు రోజుల ముందు, జూలై 15న, ఫిరంగి గుండుకు బలయ్యాడు. తన జట్టు ఆ సీజన్‌లో ఎలా ఆడిందో, చివరికి ఎవరి చేతిలో ఓడిందో అతనికి తెలియలేదు.

ఆ మ్యాచ్‌కు సరిగ్గా మూడు రోజుల ముందు, ఆగస్టు 30న, ప్రధాని బిల్లీ హ్యూస్ నిర్బంధ సైనిక సేవ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామని ప్రకటించాడు. దానితో ఫుట్‌బాల్ మైదానం మీద నడుస్తున్న వాదమే దేశం మొత్తం మీది వాదంగా మారింది. హ్యూస్ లేబర్ పార్టీ నాయకుడు. అతని మంత్రివర్గం నుంచి ఈ విషయంలో మొదట రాజీనామా చేసినవాడు వాణిజ్య, కస్టమ్స్ మంత్రి ఫ్రాంక్ ట్యూడర్. సెప్టెంబర్ 14న అతడు పదవి వదిలాడు. ట్యూడర్ పార్లమెంటులో రిచ్‌మండ్ పేట ఉన్న యారా నియోజకవర్గానికి ప్రతినిధి. అంతేకాదు, రిచ్‌మండ్ ఫుట్‌బాల్ క్లబ్ అధ్యక్షుడు కూడా అతడే. ఆటను ఆపనన్న క్లబ్ అధ్యక్షుడూ, యువకులను బలవంతంగా పంపనన్న మంత్రీ ఒకే మనిషి కావడం కాకతాళీయం కాదు. రెండు నిర్ణయాల వెనుకా ఉన్నవి ఒకే వీధులు.

అక్టోబర్ 28న ప్రజలు తీర్పు చెప్పారు. వద్దన్నవారు 11,60,033 మంది, కావాలన్నవారు 10,87,557 మంది. ఫ్రంటులో ఉన్న సైనికులు కూడా ఓటు వేశారు. వారిలో అనుకూలం స్వల్పంగానే ఎక్కువ. యుద్ధాన్ని కళ్ళారా చూసినవారిలో అంతమంది వద్దనడం హ్యూస్‌కు మింగుడుపడలేదు. మరుసటి ఏడాది డిసెంబర్‌లో మళ్ళీ అడిగితే ప్రజలు మళ్ళీ వద్దనే అన్నారు, ఈసారి ఇంకా ఎక్కువ ఆధిక్యంతో.

ఓటింగు జరిగిన అదే అక్టోబర్ 28న లండన్‌లోని క్వీన్స్ క్లబ్ మైదానంలో మరో సంఘటన చోటు చేసుకుంది. ఆస్ట్రేలియన్ సైనికులు రెండు జట్లుగా విడిపోయి తమ ఫుట్‌బాల్‌ను అక్కడి జనానికి ఆడి చూపారు. ఒలింపిక్ ఈతగాడు ఫ్రాంక్ బోర్‌పేర్ ఆ ఏర్పాట్లు చూశాడు. సుమారు 3,000 మంది ప్రేక్షకులలో వేల్స్ యువరాజు, పోర్చుగల్ మాజీ రాజు మాన్యుయేల్ ఉన్నారు. గెలిచిన మూడో డివిజన్ జట్టు కెప్టెన్ సౌత్ మెల్‌బోర్న్ ఆటగాడు బ్రూస్ స్లాస్. మెల్‌బోర్న్‌లో ఆడితే నేరమని నిందించిన ఆటనే లండన్‌లో సైన్యం సగర్వంగా ప్రదర్శించింది. బట్టలు మారితే ఆట పవిత్రమైంది. 1917 జనవరి 4న ఆర్మెంటియేర్ సమీపంలో స్లాస్ మరణించాడు. అతని క్లబ్ సౌత్ మెల్‌బోర్న్ 1916లో ఆటకు దూరంగా ఉన్నవాటిలో ఒకటి. కాలింగ్‌వుడ్ పాడీ రోవన్ అంతకు నెలరోజుల ముందే, 1916 డిసెంబర్‌లో, సోమ్ ప్రాంతంలో నేలకొరిగాడు. మరణం ఆడిన క్లబ్బును, ఆడని క్లబ్బును వేరుచేసి చూడలేదు.

రోవన్ స్నేహితుడు ‘డాక్’ సెడన్ కథ ఇక్కడ గుర్తుచేసుకోదగినది. 1917లో అతడు ఫ్రంటు నుంచి కాలింగ్‌వుడ్ క్లబ్బుకు ఒక గుర్రపు నాడా పంపాడు. జర్మన్ ఫిరంగి గుండు ముక్కతో తయారైన నాడా అది. అదృష్టం కలిసివస్తుందని దాని ఉద్దేశం. ఆ ఏడాది సెప్టెంబర్ 22న కాలింగ్‌వుడ్ ఫిట్జ్‌రాయ్‌ను 74-39తో ఓడించి విజేత అయింది. యుద్ధం ముగిశాక సెడన్ తిరిగివచ్చాడు, మళ్ళీ కాలింగ్‌వుడ్ తరఫున ఆడాడు. రోవన్ భార్యను వివాహమాడి, తండ్రిని కోల్పోయిన ఆ బిడ్డను తన బిడ్డగా పెంచాడు. మనిషిని చంపడానికి పోతపోసిన ఇనుము శుభాకాంక్షగా మారి ఇంటికి చేరింది. మైదానంలో మొదలైన స్నేహం ఒక కుటుంబంగా నిలిచింది. రిక్రూట్‌మెంట్ గోడపత్రాలలో వేర్వేరుగా నిలబెట్టిన ఆటగాడు, సైనికుడు సెడన్ జీవితంలో ఒకే మనిషి.

నింద మాత్రం అంత తొందరగా ఆగలేదు. 1917లో ‘స్పోర్ట్స్‌మెన్స్ థౌజండ్’ పేరిట క్రీడాకారులతోనే ఒక దళాన్ని కూర్చే ప్రయత్నం సాగింది. దాని గోడపత్రం మీద గల్లిపోలిలో విక్టోరియా క్రాస్ పొందిన ఆల్బర్ట్ జాకా బొమ్మ వేశారు. క్లబ్బులు ఒక్కొక్కటిగా వెనక్కి వచ్చాయి. 1917లో గీలాంగ్, సౌత్ మెల్‌బోర్న్, 1918లో ఎసెండన్, సెయింట్ కిల్డా చేరాయి. పెద్దమనుషుల క్లబ్బుగా పేరున్న మెల్‌బోర్న్ 1919లో, తుపాకులు మూగబోయిన తరువాతే వచ్చింది.

అమెరికా యుద్ధంలోకి దిగిన తరువాత అక్కడి బేస్‌బాల్ కూడా ఇదే ప్రశ్నను ఎదుర్కొంది. పనిచేయండి లేదా పోరాడండి అన్న 1918 నాటి ఉత్తర్వు కింద బేస్‌బాల్ అత్యవసర వృత్తి కాదని యుద్ధశాఖ తేల్చింది. సీజన్‌ను సెప్టెంబర్ 2తో ముగించి, వరల్డ్ సిరీస్‌కు మాత్రం ప్రత్యేక అనుమతి ఇచ్చారు. బాస్టన్, షికాగో జట్లు తలపడ్డ ఆ సిరీస్‌లో ఐదో మ్యాచ్‌కు ముందు, తమ వాటా సొమ్ము తగ్గిందని ఆటగాళ్ళు సుమారు గంటసేపు బరిలోకి దిగలేదు. ప్రేక్షకులలో గాయపడిన సైనికులున్నారు. చివరికి ఆటగాళ్ళు దిగి ఆడారు, బాస్టన్ 4-2తో సిరీస్ గెలిచింది. వారి కోరికలో న్యాయం లేకపోలేదు గాని, వేళ అది కాదని జనం భావించారు. అదే అమెరికాలో 1942 జనవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బేస్‌బాల్ సాగితేనే దేశానికి మేలని కమిషనర్ లాండిస్‌కు లేఖ రాశాడు. ఒక యుద్ధంలో అనవసరమైన ఆట మరో యుద్ధంలో అవసరమైంది.

ఆస్ట్రేలియాలోనూ అదే మార్పు కనిపిస్తుంది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పతనమై, డార్విన్ మీద జపాన్ బాంబులు పడ్డాక శత్రువు ఈసారి గుమ్మం ముందే నిలిచాడు. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ అమెరికన్ సైనికుల విడిది అయింది. అయినా ఆట ఆగలేదు. ప్రయాణ ఆంక్షల వల్ల గీలాంగ్ రెండేళ్ళు దూరమైనా మిగతా జట్లన్నీ ఆడాయి. గ్రాండ్ ఫైనల్ కార్ల్టన్ వారి ప్రిన్సెస్ పార్క్‌కు, 1944లో సెయింట్ కిల్డా జంక్షన్ ఓవల్‌కు మారింది. మెల్‌బోర్న్ క్లబ్ ఆటగాడు, యుద్ధవిమాన వీరుడు బ్లూయీ ట్రస్కాట్ 1942లో సెలవు మీద వచ్చి ఒక మ్యాచ్ ఆడితే జనం నీరాజనం పట్టారు. మరుసటి ఏడాది మార్చిలో అతడు విమాన ప్రమాదంలో చనిపోయాడు. కర్మాగారాలలో రేయింబవళ్ళు శ్రమిస్తున్నవారికి శనివారపు ఆట అవసరమని ఈసారి పైవారు కూడా ఒప్పుకున్నారు. 1916లో నాలుగు పేటలు చెప్పినప్పుడు దేశద్రోహమనిపించిన మాటే 1942 నాటికి లోకజ్ఞానంగా చెలామణి అయింది.

తెలుగు పాఠకులకు ఇది మరీ దూరపు సంగతి కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలమంతా భారతదేశంలో రంజీ ట్రోఫీ సాగింది. 1945 మార్చిలో బొంబాయి, హోల్కర్ జట్ల మధ్య జరిగిన ఫైనల్‌లో హోల్కర్ కెప్టెన్ తెలుగు మూలాలున్న సి.కె. నాయుడు. సైనిక విధులపై మౌలో ఉన్న ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ నాయుడి జట్టు పక్షాన 249 పరుగులతో అజేయంగా నిలిచాడు. అయినా జట్టు ఓడిపోయింది. బెంగాల్ కరువు గాయం ఇంకా పచ్చిగా ఉన్న దేశంలో, బర్మా సరిహద్దున పోరు నడుస్తుండగా రోజుల తరబడి సాగిన మ్యాచ్ అది. ఆడటం తప్పా ఒప్పా అన్న ప్రశ్న అక్కడ అంత ఘాటుగా లేవలేదు. ఆ యుద్ధం ఎవరిదన్న ప్రశ్నే అప్పటి భారతదేశంలో అంతకన్నా పెద్దది మరి.

ఫిట్జ్‌రాయ్ తన తరువాతి గెలుపుల్లో ఒకటి 1922లో, చివరిది 1944లో సాధించింది. ఎనిమిది విజయాలలో రెండు యుద్ధకాలంలోనివే. ఆ పేట తరువాత మారిపోయింది. కార్మికులు పోయారు, ఇళ్ళ ధరలు పెరిగాయి, క్లబ్ అప్పులపాలైంది. 1996 సెప్టెంబర్ 1న ఫిట్జ్‌రాయ్ తన ఆఖరి లీగ్ మ్యాచ్‌ను ఇంటికి వేల కిలోమీటర్ల దూరాన పెర్త్ నగరంలో ఫ్రిమాంటిల్ మీద ఆడి ఓడిపోయింది. ఆ పైన బ్రిస్బేన్ జట్టులో విలీనమైంది. అడుగున నిలిచి గెలిచిన ఆ 1916 సెప్టెంబర్ 2కు అప్పటికి ఎనభై ఏళ్ళు నిండటానికి ఒక్కరోజు తక్కువ.

ఆ విజయాన్ని తక్కువ చేయడం సులభం. నాలుగే జట్లు, సగం బలం, నియమంలోని లొసుగు అనవచ్చు. కాని ఫిట్జ్‌రాయ్ వారు తమకు ముందున్న నియమం ప్రకారమే ఆడారు. ఓడితే ఇంటికే అన్న స్థితిలో రెండు మ్యాచ్‌లు గెలిచి, సవాలు విసిరిన మేటి జట్టును మళ్ళీ ఓడించారు. ఆ పూట చూసిన 21 వేల మందికి అది మామూలు శనివారం కాదు. మూడు రోజుల కిందట నిర్బంధ సేవ ప్రకటన విన్నారు, పొజియేర్ జాబితాలు ఇంకా వస్తూనే ఉన్నాయి, వచ్చే వారం ఎవరి ఇంటికి తంతి వస్తుందో తెలియదు. అయినా వచ్చారు, అరిచారు, ఇంటికి వెళ్ళారు. ఇల్లు కాలుతుంటే చుట్టకు నిప్పడిగినవారని వారిని అన్నారు. నిజానికి కాలుతున్న ఆ ఇల్లు ముందుగా వారిదే.